మూలిక అని రాసినంత మాత్రాన డోపింగ్ నియమం వదిలిపెట్టదు: బాస్కెట్‌బాల్ పిల్లల చేతికి చేరుతున్న పొడులపై బహిరంగ లేఖ

దక్షిణ తెలంగాణ జిల్లాల క్రీడా శాఖ, ఆహార భద్రత, ఔషధ నియంత్రణ, ఆయుష్ అధికారులకు; పీఈటీ, పీడీ సార్లకు, మేడమ్‌లకు; బాస్కెట్‌బాల్ కోచ్‌లకు –

నమస్కారం.

నల్లగొండ, సూర్యాపేట నుంచి మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల దాకా బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు మూలికల పొడులు, బలం గోళీలు, వ్యాయామానికి ముందు తాగే ప్రీ వర్కౌట్ డబ్బాలు అడ్డూ అదుపూ లేకుండా చేరుతున్నాయి. కొన్ని జిమ్‌ల నుంచి, కొన్ని ఆన్‌లైన్‌లో, కొన్ని పిన్ను కొట్టిన పాలిథీన్ కవర్లలో వస్తున్నాయి. దీనిపై సంబంధిత కార్యాలయాల్లో అర్జీలు పెట్టుకున్నాం. రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. ఇది మా పరిధి కాదని ఒకరంటే, మాదీ కాదని ఇంకొకరన్నారు. అందుకే విషయాన్ని అందరి ముందు పెడుతున్నాం.

ముందే ఒక మాట. ఇది ఆయుర్వేదం మీద ఫిర్యాదు కాదు. కింద సంతకం చేసినవాళ్లలో ఆయుర్వేద వైద్యులూ ఉన్నారు. మనిషిని చూసి, నాడి చూసి, మోతాదు రాసి ఇచ్చే మందు వేరు. పదహారేళ్ల పిల్లవాడి బ్యాగులో పేరు లేని కవరులో ఉండే పొడి వేరు. మా బాధంతా రెండోదాని గురించే.

డోపింగ్ అంటే ఆటలో నిషేధిత పదార్థాలు వాడటం. ఆ నియమం అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నిషేధిత పదార్థం ఒంట్లో ఉందా, లేదా? అది వేరు నుంచి వచ్చిందా, గోళీ నుంచి వచ్చిందా, ఎవరిచ్చారు, తెలిసి తిన్నాడా తెలియక తిన్నాడా అన్నవి ఆ తర్వాత శిక్ష ఎంత అని తేల్చేటప్పుడు వచ్చే మాటలు. "మూలికలే కదా, ఏం కాదు" అని పిల్లలకు చెప్పే పెద్దలు చాలామందికి ఈ సంగతి తెలియదు. 2022లో మన దేశంలో 3,865 నమూనాలు పరీక్షిస్తే 125 పాజిటివ్ వచ్చాయి, అంటే 3.2 శాతం. పెద్ద ఎత్తున పరీక్షలు చేసే దేశాల్లో అదే అత్యధికం. 2023లో అది 3.8 శాతానికి పెరిగింది. పట్టుబడ్డవాళ్లలో కావాలని చేసినవాళ్లు ఉంటారు, కాదనం. ఏం మింగుతున్నారో తెలియక ఇరుక్కునేవాళ్లను మాత్రం మనం ఆపగలం.

ఏం జరుగుతోందో, దానివల్ల పిల్లలకు, వాళ్ల ఇళ్లకు ఏమవుతుందో వరుసగా చెబుతాం.

1. మన ఆటలోనే జరిగిన ఉదాహరణ ఉంది. సత్నామ్ సింగ్ 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు ఎంచుకోగా అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) నిలిచిన తొలి భారతీయుడయ్యాడు. 2019 నవంబరులో, దక్షిణాసియా క్రీడల సన్నాహక శిబిరం సమయంలో ఇచ్చిన నమూనాలో హైజెనమైన్ బయటపడింది. రెండేళ్ల నిషేధం పడింది. ఆ పదార్థం ఆయన ఒంట్లోకి ఏ దారిన చేరిందో చెప్పడం మా పని కాదు. హైజెనమైన్ అంటే ఏమిటో మాత్రం ప్రతి పీఈటీకి తెలియాలి. అది ఊపిరితిత్తుల గొట్టాలను వదులు చేసే బీటా-2 అగోనిస్టు రకం. పోటీ రోజే కాదు, ఏడాది పొడవునా నిషేధం. పైగా అది మొక్కల్లో సహజంగా ఉంటుంది: తామర గింజ మధ్యలోని పచ్చని మొలకలో, వత్సనాభి వేరులో, టినోస్పోరా క్రిస్పా అనే తీగలో.

ఆ చివరి పేరు దగ్గర కొంచెం ఆగాలి. మనం తిప్పతీగ అనేది టినోస్పోరా కార్డిఫోలియా. క్రిస్పా దాని దగ్గరి చుట్టం. కరోనా కాలం నుంచి తిప్పతీగ కషాయం చాలా ఇళ్లలో అలవాటైంది, గోళీలుగానూ దొరుకుతోంది. ఒకదాని బదులు మరొకటి వాడే ప్రమాదం గురించి ఆయుష్ మంత్రిత్వ శాఖే 2022లో హెచ్చరించింది. పచ్చి తీగ చేతిలో ఉంటే తేడా పట్టవచ్చు: క్రిస్పా కాండం మీద మొటిమల్లాంటి బుడిపెలు ఒత్తుగా ఉంటాయి, తుంచితే పాలలాంటి ద్రవం వస్తుంది. మన తిప్పతీగకు ఆ పాలు రావు. పొడి కొట్టి కవరులో పోశాక ఆ తేడా కంటికి దొరకదు. బాస్కెట్‌బాల్ పిల్లలు తిప్పతీగ పొడి కొనొద్దని మేము చెప్పేది ఇందుకే. వైద్యుడు తప్పనిసరి అంటే లైసెన్సు ఉన్న తయారీదారుడి మందు, బిల్లుతో తీసుకోవాలి.

2. ముషిణి గింజలు, అంటే విషముష్టి. బొత్తాముల్లా చదునుగా, బూడిద రంగులో ఉండే ఈ గింజలో స్ట్రిక్నిన్ ఉంటుంది. నరాలకు బలమని, ఆకలి పుట్టిస్తుందని కొన్ని మందుల్లో వాడతారు. అగ్నితుండి వటిలో ఇది ఉంటుంది. శాస్త్రప్రకారం ఆవుపాలలో ఉడికించి, పై పొట్టు, లోపలి మొలక తీసి, నేతిలో వేయించి శుద్ధి చేస్తారు. శుద్ధి వల్ల స్ట్రిక్నిన్ తగ్గుతుంది, పూర్తిగా పోదు. పోటీ సమయంలో స్ట్రిక్నిన్ నిషేధిత ఉత్ప్రేరకం. ఔషధ నియమాల్లో విషముష్టి షెడ్యూల్ ఇ(1) కింద ఉన్న విష ద్రవ్యం కాబట్టి, వైద్య పర్యవేక్షణలోనే వాడాలని డబ్బా మీద హెచ్చరిక ఉండాలి. కవరులో అమ్మే "నరాల బలం పొడి" మీద ఎవరైనా ఆ హెచ్చరిక చూశారా?

శుద్ధి సరిగా లేని పొడి తిన్న పిల్లవాడికి మొదట కనిపించేది కండరాలు బిగుసుకుపోవడం. ఆట కోర్టులో అందరూ దాన్ని ఎండదెబ్బ అనో, పిక్క పట్టిందనో అనుకుంటారు. మామూలు పిక్కపట్టు ఒక కండరానికి వస్తుంది, సాగదీస్తే తగ్గుతుంది. దవడ, మెడ, వీపు కలిసి బిగుసుకుంటూ, చిన్న చప్పుడుకో తాకుడికో మళ్లీ వస్తుంటే అది వేరే. మసాజ్ చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి దవాఖానకు తీసుకుపోవాలి. తిన్న పొడి కవరు కూడా వెంట పట్టుకుపోవాలి.

3. డబ్బా మీద ఉన్నదే డబ్బాలో ఉందన్న భరోసా లేదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ తోడ్పాటుతో 13 దేశాల్లో 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే 94 డబ్బాల్లో లేబుల్ మీద రాయని హార్మోన్ సంబంధ పదార్థాలు దొరికాయి, అంటే దాదాపు 15 శాతం. మన దేశంలో 2011 సంగతి గుర్తుండే ఉంటుంది. 2010 కామన్వెల్త్, ఆసియా క్రీడల్లో 4x400 రిలే స్వర్ణం గెలిచిన మహిళా జట్టు సభ్యులు సహా పలువురు అథ్లెట్లు కండ పెంచే అనబాలిక్ స్టెరాయిడ్లకు పాజిటివ్ వచ్చారు. కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్‌లో కల్తీ ఉందన్నది వాళ్ల వాదన. దేశంలో ఏడాది నిషేధంతో సరిపెడితే, అంతర్జాతీయ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2012లో దాన్ని రెండేళ్లకు పెంచింది. లండన్ ఒలింపిక్స్ పోయింది. జిన్‌సెంగ్ నిషేధిత జాబితాలో లేదు, అందులో కలిసినది ఉంది.

మన నల్లగొండకు ఈ సంగతి వివరించి చెప్పాల్సిన పని లేదు. ఫ్లోరైడ్ నీళ్లూ తేటగానే ఉండేవి. ఎముకలు వంగాకే అందులో ఏముందో తెలిసింది.

4. మోకాళ్ల నొప్పుల చూర్ణాలు. బాస్కెట్‌బాల్‌లో అందరికన్నా ముందు దెబ్బతినేది చీలమండ, ఆ తర్వాత మోకాలు. మన దగ్గర చాలా కోర్టులు సిమెంటు గచ్చు. ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ దెబ్బ మోకాలి చిప్ప కింది నరంలాంటి పట్టీకి తగులుతుంది. పిల్లవాడు నొప్పి అనగానే ఎవరో ఒకరు "నాటు మందు" పొట్లం తెచ్చిస్తారు. ఇలాంటి పొట్లాల్లో డెక్సామెథాసోన్, ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కలిపి అమ్మడం దేశమంతటా పదే పదే బయటపడ్డ మోసం. బరువు పెంచే "బాడీ పొడుల్లో" డెక్సామెథాసోన్‌తో పాటు ఆకలి పెంచే సైప్రోహెప్టడిన్ కలుపుతారు. నోటి ద్వారా తీసుకునే ఈ స్టెరాయిడ్లు పోటీ సమయంలో నిషేధం.

గుర్తుపట్టే పద్ధతి చెబుతాం. నొప్పికి వాడే మూలికలు సాధారణంగా నెమ్మదిగా పనిచేస్తాయి. ఎన్నాళ్లుగానో ఉన్న నొప్పి ఒకటి రెండు రోజుల్లో మాయమైతే, ఆకలి ఒక్కసారిగా పెరిగితే, రెండు మూడు వారాల్లో ముఖం గుండ్రంగా ఉబ్బితే, రాత్రి నిద్ర పట్టకపోతే అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. అప్పుడు చాలామంది చేసే తప్పు ఒకటుంది: భయపడి ఆ పొడిని ఒక్కసారిగా ఆపేయడం. వారాల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందితే ఒంట్లో అడ్రినల్ గ్రంథి తన పని తగ్గించుకుంటుంది. ఉన్నట్టుండి ఆపితే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం జరగవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. పొట్లం పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మోతాదు తగ్గిస్తూ ఆపడం ఆయన చేతి పని.

నొప్పి తెలియకుండా ఆడినన్నాళ్లూ మోకాలి లోపల చిరుగు పెరుగుతూనే ఉంటుంది. సీజన్‌తో పోయేది చదువు ముగిసేదాకా వెంటాడుతుంది.

5. కెఫీన్. దీన్ని 2004లో నిషేధిత జాబితా నుంచి తీసేశారు, కాబట్టి డోపింగ్ కేసు కాదు. కానీ పిల్లల గుండెకు ఆ జాబితాతో పని లేదు. ప్రీ వర్కౌట్ డబ్బాల మీద "గ్వారానా", "గ్రీన్ టీ సారం", "కాఫీ గింజల సారం" అని మూడు పేర్లు ఉంటాయి, మూడూ కెఫీనే. చాలా డబ్బాల్లో ఒక చెంచా కొలతకు 200 నుంచి 300 మి.గ్రా. దాకా ఉంటుంది. పిల్లలకు రోజుకు కిలో బరువుకు 3 మి.గ్రా. దాటకూడదన్నది ఐరోపా ఆహార భద్రతా సంస్థ లెక్క. 45 కిలోల అమ్మాయికి అది 135 మి.గ్రా. అంటే ఒక్క చెంచాతోనే దానికి ఒకటిన్నర నుంచి రెండింతలకు పైగా అవుతుంది. పొద్దున్న తాగిన టీలు ఈ లెక్కలోకి రాలేదు.

దాని ఫలితం ఆటలోనే కనిపిస్తుంది. పరుగు బాగానే ఉంటుంది, ఫ్రీ త్రో గీత దగ్గర వేళ్లు వణుకుతాయి. తాగినదాంట్లో సగం కరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఐదింటికి తాగితే రాత్రి పదింటికీ సగం ఒంట్లోనే ఉంటుంది, నిద్ర చెడుతుంది. నిద్ర విలువ ఎంతో చెప్పే పరిశోధన బాస్కెట్‌బాల్ మీదే జరిగింది: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 11 మంది ఆటగాళ్లు ఐదు నుంచి ఏడు వారాలు రోజూ పది గంటలు పడక మీద ఉండేలా చూస్తే ఫ్రీ త్రోలు 9 శాతం, మూడు పాయింట్ల షాట్లు 9 శాతానికి పైగా మెరుగయ్యాయి. అంత లాభం చూపించే పొడి మాకు తెలిసి ఏదీ లేదు. ఇక ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఎండలో వేసవి శిబిరానికి వచ్చే పిల్లవాడు ఖాళీ కడుపున ఇది తాగి పరిగెత్తడం అన్నిటికన్నా ప్రమాదం.

6. లేబుల్ మీది గారడీ. ఒక మామూలు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. "ప్రొప్రైటరీ బ్లెండ్ 2,000 మి.గ్రా." అని ఒక్క అంకె ఉంటుంది, దాని కింద పది పన్నెండు మొక్కల పేర్లు. దేనిది ఎంతో ఉండదు. అశ్వగంధ 1,900, మిగతావన్నీ కలిపి 100 కావచ్చు, తలకిందులూ కావచ్చు. "జెరేనియం సారం" అని ఉంటే మిథైల్‌హెక్సనమైన్ అనే నిషేధిత ఉత్ప్రేరకం ఉందేమోనని అనుమానించాలి. "మా హువాంగ్" అంటే ఎఫెడ్రిన్ అనే ఉత్ప్రేరకం ఉండే ఎఫెడ్రా మొక్క. పోటీ రోజు మూత్రంలో మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములకు మించి ఎఫెడ్రిన్ ఉంటే కేసు. బల అనే మొక్క, శాస్త్రీయ నామం సిడా కార్డిఫోలియా, అందులోనూ కొద్దిగా ఎఫెడ్రిన్ ఉంటుంది. "విజయ" అని ఉంటే గంజాయి జాతి. ఇంట్లో వాడే గసగసాలు కూడా మ్యాచ్ ముందు రెండు రోజులు మసాలాలో వేయకపోతే మంచిది. వాటిలో లేశమాత్రంగా ఉండే మార్ఫిన్ పరీక్షలో తేలగలదు.

ఆహార సప్లిమెంటు అయితే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్సు నంబరు ఉండాలి. రెండూ లేకుండా "100% ఆయుర్వేదిక్" అని మాత్రమే ఉన్న ప్యాకెట్‌ను ఆహార శాఖ మందు అంటుంది, మందుల శాఖ ఆహారం అంటుంది. మా అర్జీలు ఆగిపోయింది సరిగ్గా ఈ సందులోనే.

7. అసలు లాభం ఎంత? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాం. అశ్వగంధకు కొంత ఆధారం ఉంది. 2015లో వచ్చిన ఒక భారతీయ పరిశోధనలో 57 మంది యువకుల్లో సగం మందికి 300 మి.గ్రా. వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు ఎనిమిది వారాలు ఇచ్చి బరువుల వ్యాయామం చేయిస్తే, బెంచ్ ప్రెస్‌లో వాళ్లు ఎత్తే బరువు 46 కిలోలు పెరిగింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకు 26 కిలోలు. వాళ్లంతా పెద్దవాళ్లు, వ్యాయామానికి కొత్తవాళ్లు. అండర్-17 పిల్లలకు ఆ లెక్క వర్తిస్తుందనడానికి లేదు. పల్లేరు కాయల పొడిని టెస్టోస్టెరాన్ పెంచుతుందని అమ్ముతారు. ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాళ్లకు రోజుకు 450 మి.గ్రా. చొప్పున ఐదు వారాలు ఇచ్చి చూస్తే బలంలో గానీ కండలో గానీ తేడా లేదు. జిన్‌సెంగ్ ఫలితాలు ఒకదానికొకటి పొంతన లేవు. బీట్‌రూట్ రసంతో కొంత మేలు ఉంది. ఆటకు రెండు మూడు గంటల ముందు తాగాలి. అదీ చిన్న మేలే, మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దు.

అశ్వగంధలో ఎక్కువగా జరిగే తప్పు మోతాదుది. పాత పద్ధతిలో వేరు చూర్ణం 3 నుంచి 6 గ్రాములు పాలతో ఇస్తారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వచ్చేది గట్టి సారం, దాని మోతాదు 300 మి.గ్రా., అంటే చిటికెడు. చూర్ణం అనుకుని చెంచాడు వేసుకుంటే దాదాపు 3 గ్రాములు, పదింతలు. రెండో తప్పు ఆకు కలపడం. అశ్వగంధలో ఆకు వాడొద్దని ఆయుష్ శాఖ 2021లోనే తయారీదారులకు చెప్పింది. అశ్వగంధ వాడినవాళ్లలో కామెర్లతో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. థైరాయిడ్ మందు వాడే అమ్మాయిలకు ఇది అసలే పనికిరాదు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగుకు మారినా, ఒళ్లంతా దురద పెట్టినా పొడి ఆపి కాలేయ పరీక్ష చేయించాలి.

8. ఇంటి మీద పడే భారం. రూ. 1,500 డబ్బా కొనే తల్లిదండ్రులు ఎక్కువగా కూలీలు, చిన్న రైతులు. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా ఆ పైసలతో రోజుకు మూడు గుడ్లు రెండు నెలలకు పైగా వస్తాయి. 50 కిలోల ఆటగాడికి రోజుకు 70 నుంచి 85 గ్రాముల ప్రొటీన్ చాలు. మూడు గుడ్లలో 18, గుప్పెడు పల్లీల్లో (50 గ్రాములు) 12, అర లీటరు పాలలో 16, 50 గ్రాముల పప్పులో 12, 200 గ్రాముల జొన్నపిండి రొట్టెల్లో 20. కూడితే 78. పల్లీ పండించే పాలమూరు పిల్లవాడికి ప్రొటీన్ కోసం డబ్బా ఎందుకు? 2024లో వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు కూడా ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దనే చెప్పాయి. ఆ సంస్థ ఉన్నది మన హైదరాబాద్ తార్నాకలోనే.

అమ్మాయిల విషయంలో ఇంకా బాధ. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. హిమోగ్లోబిన్ 12 లోపు ఉన్న అమ్మాయి రెండో క్వార్టర్‌కే ఆయాసపడుతుంది. స్టామినా లేదని మూలికల పొడి ఇస్తున్నారు. ఆమెకు కావాల్సింది రక్త పరీక్ష, పీహెచ్‌సీలో ఉచితంగా దొరికే ఐరన్ మాత్ర. మాత్రను టీతో వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మన బత్తాయి రసంతో వేసుకుంటే బాగా పడుతుంది.

9. నిషేధం పడితే ఏమవుతుందో కూడా తెలియాలి. ఆ కాలంలో మ్యాచ్‌లే కాదు, జట్టుతో కలిసి శిక్షణా ఉండదు. స్పోర్ట్స్ కోటా సీటు, ఉద్యోగం ఆశలు పోతాయి. కల్తీ వల్ల వచ్చిందని తేలితే శిక్ష తగ్గవచ్చు, కానీ నిరూపించాల్సింది ఆటగాడే. తిన్న పొడి తాలూకు అదే బ్యాచ్ సీలు తీయని ప్యాకెట్, బిల్లు, ఎప్పుడు ఎంత తిన్నాడో రాసిన కాగితం ఉంటేనే వాదనకు బలం. పాలిథీన్ కవరుకు బ్యాచ్ ఎక్కడిది, బిల్లు ఎక్కడిది?

కోచ్‌లూ, పీఈటీ సార్లూ, ఈ మాట మీకు. 16 ఏళ్లలోపు పిల్లలు, 18 లోపు ఉండి అంతర్జాతీయ స్థాయిలో ఆడనివాళ్లు పట్టుబడితే, వాళ్ల శిక్షకుల మీద విచారణ తప్పనిసరని 2021 ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళి చెబుతోంది. నిషేధిత పదార్థం ఇచ్చినట్టు తేలితే నాలుగేళ్ల నుంచి జీవితకాలం దాకా నిషేధం. మీలో ఎక్కువమంది పిల్లల మీద ప్రేమతోనే సలహా ఇస్తారని మాకు తెలుసు. విచారణలో ప్రేమ లెక్కకు రాదు.

ఇక మేము అడుగుతున్నవి:

ఒకటి. కోర్టు ఆవరణలో, శిబిరాల్లో, గురుకుల హాస్టళ్లలో ఏ పొడి, గోళీ, డ్రింకు అయినా అమ్మడం, పంచడం ఆపుతూ లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలి. వైద్యుడు రాసిన మందు వాడే పిల్లల వివరాలు, మందు పేరు, బ్యాచ్ నంబరు, మోతాదు, తేదీతో ఒక రిజిస్టరులో రాయాలి. ఉబ్బసం ఇన్‌హేలర్ లాంటివి వాడేవాళ్లకు మినహాయింపు అనుమతి అవసరమా అన్నది సీజన్‌కు ముందే చూసుకోవాలి.

రెండు. ఆహార భద్రత అధికారులు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు, ఆయుష్ అధికారులు కలిసి నమూనాలు తీయాలి, విడివిడిగా కాదు. బలం పొడులు, నొప్పుల చూర్ణాలు, బరువు తగ్గించే పొడులు, ప్రీ వర్కౌట్ డబ్బాలు ఈ నాలుగు రకాల్లో స్టెరాయిడ్లు, ఆకలి చంపే సిబుట్రమైన్, ఎఫెడ్రిన్, కెఫీన్ మోతాదు, సీసం, పాదరసం పరీక్షించాలి. ఫలితాలు బ్రాండు, బ్యాచ్‌తో సహా తెలుగులో కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

మూడు. అండర్-14 నుంచి సీఎం కప్ దాకా ప్రతి ఎంపికకు ముందు రెండు గంటల డోపింగ్ నిరోధక పాఠం తెలుగులో జరగాలి. నిషేధిత జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. మారిన జాబితా సారాంశం ప్రతి పీఈటీకి చేరాలి. ఎందులో ఏముందో చూసుకోవడానికి జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ ఇచ్చిన "నో యువర్ మెడిసిన్" సౌకర్యం ఎలా వాడాలో ఫోన్‌లో చేసి చూపించాలి. మూలికల పొడులు చాలావరకు అందులో దొరకవు. దొరకలేదంటే సురక్షితం అని కాదని కూడా చెప్పాలి.

నాలుగు. ప్రతి శిబిరం మొదటి రోజే హిమోగ్లోబిన్, బరువు చూడాలి. సాధనకు ముందు, తర్వాత బరువు తూచాలి. కిలో తగ్గితే లీటరుంబావు నుంచి లీటరున్నర నీళ్లు రెండు మూడు గంటల్లో కొద్దికొద్దిగా తాగించాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, గోపురం కట్టకుండా సమంగా కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే ఎక్కువ. ఒక తూకం యంత్రం, ఒక కొలత చెంచా ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఐదు. శిబిరం పిల్లలకు ఇచ్చే ఆహారంలో రోజుకు రెండు గుడ్లు, పల్లీ పట్టీ, పాలు లేదా మజ్జిగ తప్పనిసరి చేయాలి. గుడ్డు తిననివాళ్లకు బదులుగా పెసలు, శనగలు.

ఆరు. ఆయుర్వేద, యునాని, హోమియో వైద్య మిత్రులకు మనవి. వచ్చిన పిల్లలు పోటీల్లో ఆడతారేమో ముందే అడగండి. చీటీలో ప్రతి ద్రవ్యం పేరు, మోతాదు విడిగా రాయండి. విషముష్టి, వత్సనాభి, విజయ ఉన్న మందులు ఆటగాళ్లకు రాయకండి, తప్పనిసరైతే ఆ సంగతి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి.

ఏడు. ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఏ శాఖ ఏ పని చేస్తుందో, ఎప్పటిలోగా చేస్తుందో అందులో ఉండాలి. రాకపోతే ఇంతవరకు ఎన్ని నమూనాలు తీశారు, ఎన్ని పరీక్షించారు, ఎన్ని నోటీసులిచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖను విడివిడిగా అడుగుతాం. వేసవి శిబిరాలు మొదలయ్యేలోపే ఆ సమాధానాలు తల్లిదండ్రుల ముందు పెడతాం.

ఇట్లు,
నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల బాస్కెట్‌బాల్ శిక్షకులు, ఫిజియోథెరపిస్టులు, పోషకాహార నిపుణులు, ఆయుర్వేద వైద్యులు